నిద్రపోతున్న సిస్టాన్ని లేపకుండానే తలుపు తీయడం

ఈ వారం ఉత్తరాల్లో ఒకటి రామన్నపేట నుంచి వచ్చింది. జిల్లా 2016లో యాదాద్రి భువనగిరి అయినా, రాసినావిడ అడ్రసులో 'నల్గొండ జిల్లా, వయా చిట్యాల' అనే రాశారు. అలవాటు అంత తేలిగ్గా పోదు. ఉత్తరం సారాంశం ఇది:

'సార్, మా నాయన ఇరవై ఏండ్లు డీటీపీ సెంటర్ నడిపిండు. పెండ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, రసీదు బుక్కులు అన్నీ ఆయనే చేసేటోడు. సిరిపురం దిక్కు నేత పనోళ్లు చీరల గ్రాఫ్ కాగితాలు తెచ్చిస్తే స్కాన్ చేసి పెట్టేటోడు. ఆయన పోయినంక కంప్యూటర్ కూడ ఆగిపోయింది. అంతకు ముందే మా బావ ఆ హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఒక్క ఫైల్ చేసి బయటి డిస్క్‌ల పెట్టిండు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురొచ్చి పాత డిజైన్లు అడుగుతున్నరు. ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏం రావట్లేదు. షాపుల పిలగాడు లాప్‌టాప్‌ల రీస్టోర్ కొట్టు అక్కా, అంత వచ్చేస్తది అన్నడు. కొట్టాల్నా?'

కొట్టొద్దు. ఈ వ్యాసంలో మిగతాదేదీ చదవకపోయినా సరే, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రీస్టోర్ అంటే ఆ ఫైల్‌లో ఉన్న పాత డిస్క్‌ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మీ లాప్‌టాప్ డిస్క్ మీద తిరగరాయడం. పాతది వస్తుంది, నిజమే. కానీ ఇప్పుడున్నదంతా పోతుంది. ఆవిడ ఆ లాప్‌టాప్ మీదే ఆన్‌లైన్ అప్లికేషన్ల పని చేసుకుంటున్నారు. నాలుగు డిజైన్ల కోసం బతుకుదెరువు యంత్రాన్ని తుడిచేసుకోవడం ఏం లెక్క? ఆ పిలగాడు చెడ్డవాడేం కాదు. అతను చూసిన రీస్టోర్‌లన్నీ ఖాళీ డిస్క్‌ల మీద చేసినవై ఉంటాయి.

ఆవిడకి కావలసింది పాత సిస్టాన్ని లేపడం కాదు. అది నిద్రలో ఉండగానే గది తలుపు తీసి, బీరువాలోంచి కావలసినవి తీసుకుని, చప్పుడు చేయకుండా బయటికి రావడం. దీన్నే 'మౌంట్' చేయడం అంటారు. పెద్ద సాఫ్ట్‌వేర్లేవీ కొనక్కర్లేదు. నల్ల తెరమీద అయిదారు కమాండ్లు చాలు.

మౌంట్ అనే మాట ఎక్కడిదంటే, వెనకటి రోజుల్లో పెద్ద కంప్యూటర్లకి డిస్క్‌లూ టేపులూ ఆపరేటర్ చేత్తో ఎత్తి యంత్రానికి ఎక్కించేవాడు. అంతే, ఎక్కించడం. నేత ఊళ్ల వాళ్లకి ఇంతకన్నా బాగా చెప్పనక్కర్లేదు. పడుగు ఎంత బాగా చిటికి కట్టి రంగులద్దినా, మగ్గానికి ఎక్కించేదాకా అది నూలు చుట్టే. అందులో డిజైన్ ఉంటుంది గానీ కంటికి చీరలాగ కనబడదు. ఆవిడ దగ్గరున్న ఫైల్ కూడా అలాంటి పడుగే. ఎక్కించడానికి మగ్గం కావాలి. కంప్యూటర్ భాషలో ఆ మగ్గం పేరు మౌంట్ పాయింట్. ఉత్త ఖాళీ ఫోల్డర్, అంతకుమించి ఏమీ లేదు.

ముందు ఆ ఫైల్ ఏ జాతిదో తెలుసుకోవాలి. మనవాళ్లు అన్నిటినీ 'క్లోన్', 'ఇమేజ్' అనేస్తారు గానీ వాటిలో నాలుగైదు రకాలున్నాయి. పేరు చివర టిఐబి అని ఉంటే అక్రోనిస్‌తో చేసింది, జిహెచ్ఓ అంటే నార్టన్ ఘోస్ట్, ఎంఆర్ఐఎంజి అంటే మాక్రియం. వీటిని తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తోనే తెరవాలి, ఇక్కడ చెప్పే దారి వాటికి పనికిరాదు. తైవాన్‌లోని ఎన్‌సీహెచ్‌సీ సంస్థ వాళ్ల క్లోన్‌జిల్లాతో చేసి ఉంటే ఒక్క ఫైల్ కాదు, ఒక ఫోల్డర్ నిండా కుదించిన ముక్కలుంటాయి. వాటిని మొదట విప్పి మామూలు ఇమేజ్‌గా మార్చుకోవాలి. విండోస్ 7 నుంచి ఉన్న 'సిస్టమ్ ఇమేజ్'తో చేసినదైతే 'విండోస్ఇమేజ్‌బ్యాకప్' అనే ఫోల్డర్, దాని లోపల విహెచ్‌డి లేదా విహెచ్‌డిఎక్స్ ఫైల్ ఉంటుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

రామన్నపేట ఫైల్ పేరు చివర ఐఎంజి అని ఉంది. సైజు 80,026,361,856 బైట్లు అని ఆవిడ ఓపిగ్గా ఎత్తి రాశారు. మంచి పని చేశారు, ఆ అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. దాన్ని 512తో భాగిస్తే శేషం లేకుండా 15,63,01,488 వస్తుంది. అప్పట్లో 80 జీబీ అని అమ్మిన హార్డ్ డిస్క్‌లలో సర్వసాధారణంగా ఉండే సెక్టార్ల సంఖ్య అది. అంటే బావగారు 'డిడి' లాంటి కమాండ్‌తో డిస్క్‌ని ఉన్నదున్నట్టు, ఖాళీ జాగాతో సహా, అచ్చు తీశారన్నమాట. 1970ల నాటి యూనిక్స్ కమాండ్ అది, ఇప్పటికీ పని చేస్తోంది. దాంట్లో ఐఎఫ్, ఓఎఫ్ అని రెండు మాటలుంటాయి, ఎక్కడినుంచి, ఎక్కడికి అని. అవి తారుమారైతే మంచి డిస్క్ మీద ఖాళీ డిస్క్ అచ్చు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు దాన్ని 'డిస్క్ డిస్ట్రాయర్' అని వెక్కిరిస్తారు. బావగారు తారుమారు చేయలేదు, ఆయనకి దండం పెట్టాలి.

ఇలాంటి ముడి ఇమేజ్‌ని తెరవడానికి లైనక్స్‌కి మించింది లేదు. లాప్‌టాప్‌లో ఎక్కించుకోనక్కర్లేదు. ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాంతో కంప్యూటర్ మొదలుపెట్టి, 'ట్రై ఉబుంటు' నొక్కితే చాలు. మీ విండోస్ జోలికి వెళ్లదు. ఇన్‌స్టాల్ అన్నదాన్ని మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు. తెలుగు మెనూలు కావాలంటే హైదరాబాద్‌లోని స్వేచ్ఛ బృందం వాళ్లు తెలుగు చేసిన లైనక్స్ కూడా ఉంది. ఇంకో లాభమేమిటంటే, ఎక్స్‌పీ రోజుల్లో పెన్‌డ్రైవ్‌ల మీద ఊరూరా తిరిగిన వైరస్‌లు ఆ ఇమేజ్‌లో తప్పకుండా కాపురముంటాయి. డీటీపీ సెంటర్ కదా, రోజుకి పది పెన్‌డ్రైవ్‌లు గుచ్చేవాళ్లు. అవన్నీ విండోస్ కోసం పుట్టినవి, లైనక్స్‌లో వాటంతట అవి నడవవు.

కమాండ్ల గురించి ఒక మాట. మనం ఫోన్‌లో ఒకరికొకరం చెప్పుకునేటట్టు, పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి, 'పెద్ద' అన్నచోట మాత్రం పెద్దక్షరం. నేను ఖాళీ వదిలిన చోటల్లా స్పేస్ కొట్టాలి. 'డాష్' దాని పక్క అక్షరానికి అంటుకునే ఉండాలి. కమాండ్లలో సగం తప్పులు స్పేస్ దగ్గరే వస్తాయి.

టెర్మినల్ తెరిచి, బయటి డిస్క్‌లో ఆ ఫైల్ ఉన్న చోటికి వెళ్లండి. ఫైల్స్ కిటికీలో ఆ ఫోల్డర్ తెరిచి, ఖాళీ జాగాలో కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఇన్ టెర్మినల్' అన్నా సరిపోతుంది. ఫైల్ పేరు పాత డాట్ ఐఎంజి అనుకుందాం. మొట్టమొదట దాని వేలిముద్ర తీసుకోవాలి:

షా256సమ్ పాత.ఐఎంజి

ఎస్-హెచ్-ఎ, 2-5-6, ఎస్-యు-ఎం, అన్నీ కలిపి ఒకే మాట. పాత యూఎస్‌బీ 2 పోర్ట్ అయితే 80 జీబీకి అరగంట దాటుతుంది, ఈలోగా చాయ్ తాగి రండి. అయ్యాక 64 అంకెలూ అక్షరాల వరుస ఒకటి వస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పనంతా అయ్యాక మళ్లీ ఇదే కమాండ్ కొట్టి చూడొచ్చు. అదే వరుస వస్తే నాన్నగారి డిస్క్‌లో ఒక్క బైటు కూడా కదలలేదని అర్థం. చాలామంది ఈ మెట్టుని ఎగరేస్తారు. ఉన్న ఒక్క కాపీ ఇదే అయినప్పుడు ఎగరేయకూడదని నేనంటాను. ఇంకో డిస్క్ అప్పు దొరికితే ముందు ఆ ఫైల్‌ని దానిలోకి కాపీ చేసి, కాపీ మీద పని చేయండి, మరీ మంచిది. కానీ ఒక జాగ్రత్త, ఆ డిస్క్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు.

ఇప్పుడు లోపల ఎన్ని గదులున్నాయో చూద్దాం:

ఎఫ్‌డిస్క్ డాష్-ఎల్ పాత.ఐఎంజి

ఇది చూపిస్తుందే తప్ప ఏమీ మార్చదు. ఇక్కడ డాష్-ఎల్ మర్చిపోతే మాత్రం అదే కమాండ్ గదుల గోడలు మార్చే మేస్త్రీ అవుతుంది. అలా లోపలికి వెళ్లిపోతే కంగారు పడకుండా 'క్యూ' కొట్టి బయటికి రండి. రాయమని 'డబ్ల్యూ' కొట్టేదాకా అది దేన్నీ ముట్టదు.

ఎక్స్‌పీ నాటి డిస్క్ అయితే మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. విస్టా తర్వాతి వాటికి 2048. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఫైల్‌ని నేరుగా మౌంట్ చేయబోతే 'రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని తిడుతుంది. ఇమేజ్ పాడైపోయిందని అనుకుంటారు. పాడవలేదు. పుస్తకం తెరవగానే కథ మొదలవదు కదా, ముందు అట్ట, విషయసూచిక ఉంటాయి. డిస్క్‌లో కూడా మొదటి సెక్టార్‌లో పార్టిషన్ల పట్టిక ఉంటుంది, అసలు ఫైళ్లు 63వ సెక్టార్ నుంచి. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. 63ని 512తో గుణిస్తే 32,256. అన్ని బైట్లు దాటి చదవమని చెబితే తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసుకుని 'ఆఫ్‌సెట్' అని కమాండ్‌లో ఇచ్చేవాళ్లం. ఇప్పుడా బాధ లేదు:

సుడో లోసెటప్ డాష్-ఆర్ డాష్-పెద్దపి డాష్-ఎఫ్ డాష్‌డాష్-షో పాత.ఐఎంజి

సుడో అంటే ఎస్-యు-డి-ఓ, యజమాని హోదాలో చెయ్యి అని. లోసెటప్ స్పెల్లింగ్ ఎల్-ఓ-ఎస్-ఇ-టి-యు-పి, 'లూప్ సెటప్'కి పొట్టిపేరు. ఒక ఫైల్‌ని నిజం హార్డ్ డిస్క్‌లా భ్రమింపజేయడం దీని పని. పెద్ద పి అంటే లోపలి పార్టిషన్లని విడివిడిగా చూపించమని. ఎఫ్ అంటే ఖాళీగా ఉన్న మొదటి నంబరు తీసుకోమని. వీటన్నిటిలో ప్రాణం మాత్రం ఆ డాష్-ఆర్. చదవడానికే గానీ రాయడానికి లేదు అని సిస్టానికి గట్టిగా చెప్పే అక్షరం అది. ఆ ఒక్క అక్షరం ఉంటే ఆ తర్వాత ఆ లూప్ ద్వారా మీరు ఏం తప్పు చేసినా ఇమేజ్‌కి గీత పడదు. అది లేకపోతే, మీరేమీ చేయకుండా ఉత్తగా తెరిచి మూసినా కొన్ని ఫైల్ సిస్టమ్‌లు తమ పుస్తకంలో 'ఫలానా రోజు తెరిచారు' అని రాసుకుంటాయి. పోలీసు ల్యాబుల్లో నేరస్థుల డిస్క్‌లు చూసేవాళ్లు కూడా రాయడానికి వీల్లేకుండా అడ్డం పెట్టాకే పని మొదలుపెడతారు.

కమాండ్ కొట్టగానే /డెవ్/లూప్20 లాంటి జవాబొస్తుంది. మీకు వేరే అంకె రావొచ్చు. ఉబుంటులో తక్కిన సాఫ్ట్‌వేర్లు కూడా ఈ లూప్ నంబర్లు వాడుకుంటాయి, అందుకే సున్నాతో మొదలవకపోతే ఆశ్చర్యపోకండి. మీకు వచ్చిన అంకె రాసుకుని, ఇక్కడ 20 అన్నచోటల్లా అదే వేసుకోండి. ఆ తర్వాత:

ఎల్ఎస్‌బ్లాక్ డాష్-ఎఫ్

ఎల్-ఎస్-బి-ఎల్-కె. లూప్20 కింద కొమ్మల్లాగ లూప్20పి1, లూప్20పి2, లూప్20పి5 కనబడతాయి. సీ డ్రైవ్ పి1. మరి డీ డ్రైవ్ పి2 అనుకుంటారు, కాదు. ఆ కాలపు డిస్క్‌లలో పి2 తరచుగా ఉత్త ప్రహరీగోడ, దాని లోపలి గదుల నంబర్లు 5 నుంచి మొదలవుతాయి. కాబట్టి డీ డ్రైవ్ పి5. డీటీపీ సెంటర్ల వాళ్లు సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టినా పని పోకూడదని కస్టమర్ల ఫైళ్లన్నీ డీ లోనే దాచేవాళ్లు. కాబట్టి చీరల డిజైన్లు ముందుగా పి5లో వెతకండి.

ఇక మగ్గం ఎక్కించడమే:

సుడో ఎంకేడిఐఆర్ డాష్-పి /ఎంఎన్‌టి/పాత

సుడో మౌంట్ డాష్-ఓ ఆర్ఓ /డెవ్/లూప్20పి5 /ఎంఎన్‌టి/పాత

మొదటిది ఖాళీ ఫోల్డర్ చేస్తుంది, రెండోది దాని మీదికి పాత డీ డ్రైవ్‌ని ఎక్కిస్తుంది. ఆర్-ఓ అంటే రీడ్ ఓన్లీ, మళ్లీ ఇంకోసారి. ఒకే తాళం రెండుసార్లు ఎందుకంటారా? మొదటిది ప్రహరీ గేటుకి, రెండోది గదికి. ఏమీ జవాబివ్వకుండా కర్సర్ కింది వరుసకి వచ్చిందంటే పని అయినట్టే. యూనిక్స్ వంశం వాళ్లు మెచ్చుకోరు, తప్పు చేస్తేనే నోరు తెరుస్తారు. ఇప్పుడు ఫైల్స్ కిటికీలో ఆ ఫోల్డర్ తెరవండి. నాన్నగారు సర్దుకున్న వరుసలోనే, ఆయన పెట్టిన పేర్లతోనే, అన్నీ ఉంటాయి.

పేర్లు గుర్తులేకపోతే వెతకడానికి 'ఫైండ్' ఉంది. పేజ్‌మేకర్ 7 ఫైళ్ల చివర పిఎండి అని, 6.5వి అయితే పి65 అని, కోరల్‌డ్రా అయితే సిడిఆర్ అని ఉంటుంది. స్కాన్ చేసిన గ్రాఫ్‌లు జేపీజీ, టిఫ్, బీఎంపీల్లో ఉండొచ్చు.

ఫైండ్ /ఎంఎన్‌టి/పాత డాష్-ఐనేమ్ '*.పిఎండి'

ఐనేమ్ ముందున్న 'ఐ' వల్ల పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడదు. ఆ రోజుల్లో క్యాప్స్ లాక్ తీయకుండానే పేర్లు పెట్టేవాళ్లు కదా, ఇది తప్పనిసరి. దొరికిన ఫోల్డర్‌ని మౌజ్‌తో లాగి కాపీ చేసుకోవచ్చు గానీ, నా సలహా కమాండే:

సిపి డాష్-ఎ ఫోల్డర్‌పేరు కొత్తచోటు

డాష్-ఎ వల్ల ఫైళ్ల పాత తేదీలు అలాగే నిలుస్తాయి. నేత డిజైన్ల విషయంలో ఈ తేదీ చిన్న సంగతి కాదు. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు వచ్చి చాలా ఏళ్లయింది, అయినా మన చిటికి డిజైన్లని మిల్లు బట్ట మీద అచ్చేసి అమ్మేవాళ్లు ఆగలేదు. ఫలానా అంచు, ఫలానా కొంగు మా దగ్గర ఫలానా సంవత్సరంలోనే ఉందని చెప్పుకోవడానికి ఒక నేతకారుడి చేతిలో ఏముంటుంది? గ్రాఫ్ కాగితం చినిగిపోతుంది, చీర అమ్ముడుపోతుంది. తేదీతో ఉన్న స్కాన్ కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది వకీళ్ల మాట, కానీ ఏమీ లేకపోవడం కన్నా నయం. తేదీ చెరిగిపోయిన ఫైల్ ఆ మాత్రం కూడా చెప్పలేదు.

చెల్లెమ్మా, ఇంకో ముఖ్యమైన సంగతి. డీ డ్రైవ్ నుంచి ఫైళ్లు తెచ్చుకుని సంబరపడి ఆగిపోవద్దు. పెళ్లి పత్రికల ఫైల్ తెరిచి చూస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనబడతాయి. పాడైపోలేదు. అవి అను ఫాంట్లలో టైప్ చేసినవి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే సొంత చోటు ఉన్నా, మన డీటీపీ లోకం ఆ తర్వాత చాలాకాలం వరకు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంట్ ఉంటే 'శుభలేఖ', లేకపోతే చెత్త. ఆ ఫాంట్లేమో సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైళ్లొక్కటే కాపీ చేసి దాచుకున్నవాళ్లకి ఇప్పుడు దొరకనిది అదే. బావగారు మొత్తం సిస్టాన్ని అచ్చు తీయడం ఇందుకే గొప్ప పనైంది. /ఎంఎన్‌టి/పాతసీ అని ఇంకో ఫోల్డర్ చేసి పి1ని కూడా పైన చెప్పినట్టే ఆర్ఓ పెట్టి ఎక్కించండి, ఫాంట్స్ ఫోల్డర్ తెచ్చుకోండి. అలాగే 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' లోపల ఆయన పేరుతో ఉన్న ఫోల్డర్‌లో డెస్క్‌టాప్ కూడా చూడండి. తొందర పనులన్నీ మనం డెస్క్‌టాప్ మీదే పడేస్తాం.

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. ఇప్పటి కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ డ్రా ఆ ఫైళ్లని ఓ మోస్తరుగా తెరుస్తుంది, అమరిక కొంచెం చెదురుతుంది. అచ్చు అలాగే కావాలంటే పాత సిస్టాన్నే కొత్త కంప్యూటర్ లోపల ఒక కిటికీలో నడిపించాలి. అప్పుడు మాత్రం నిద్ర లేపక తప్పదు. దానికి 'క్యూఈఎంయు' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి డాష్-స్నాప్‌షాట్ అని చెబితే పాత సిస్టమ్ నడుస్తూ రాసుకునేవన్నీ తాత్కాలికంగా వేరేచోట పడతాయి, మూయగానే మాయమవుతాయి, అసలు ఇమేజ్ భద్రంగా ఉంటుంది. అయితే ఎక్స్‌పీ కొత్త ఇంట్లో కళ్లు తెరవగానే నీలం తెర చూపి మూర్ఛపోవడం మామూలే, డిస్క్ కంట్రోలర్ మారింది కదా. అదొక పెద్ద కథ. ముందు ఫైళ్లూ ఫాంట్లూ చేతికి రానివ్వండి.

మౌంట్ దగ్గర మొరాయించే సందర్భాలు ఒకటి రెండున్నాయి. పాత సిస్టమ్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా, కరెంటు పోయినప్పుడో హైబర్నేట్‌లో ఉన్నప్పుడో అచ్చు తీసి ఉంటే, రాసే హోదాలో ఎక్కించబోతే లైనక్స్ ఒప్పుకోదు, చదివే హోదాలో ఎక్కుతుంది. మనం అడిగేది అదే కాబట్టి ఇబ్బంది లేదు. లోపలున్నది విండోస్ కాక లైనక్స్ అయితే, ఈఎక్స్‌టీ4 రకం, 'ముందు సగంలో ఆగిన పద్దులు రాసుకోనివ్వు' అని పట్టుబడుతుంది. రాయడానికి లేదన్నాం కదా. అప్పుడు ఆర్ఓ పక్కనే కామా పెట్టి 'నోలోడ్' అని చేర్చాలి. ఇక క్లోన్‌నీ, దాని అసలు డిస్క్‌నీ ఒకే కంప్యూటర్‌కి ఒకేసారి తగిలించొద్దు. రెండిటికీ ఒకటే గుర్తింపు సంఖ్య ఉంటుంది, యూయూఐడి అంటారు. ఒకే ఆధార్ నంబరుతో ఇద్దరు కవలలు రేషన్ షాపుకొచ్చినట్టు, సిస్టమ్ ఎవరిని ఎవరనుకుంటుందో చెప్పలేం.

నిద్రపోతున్న సిస్టమ్ అంటే అదేదో పాడుబడ్డ కంప్యూటర్ల వ్యవహారం అనుకోకండి. బ్యాంకుల్లాంటి చోట్ల పెద్ద సర్వర్లలో ఇది రోజువారీ సంగతి. సన్ కంపెనీ వాళ్ల సోలారిస్‌లో నడుస్తున్న సిస్టమ్‌కి ఒక నకలు తీసి పక్కన నిద్రపుచ్చేవాళ్లు. ఆ నకలుని 'లుమౌంట్' అని, తర్వాతి రోజుల్లో 'బీఈఏడీఎం మౌంట్' అని ఒక ఫోల్డర్‌కి ఎక్కించుకుని, మార్పులన్నీ దాంట్లో చేసి, కుదిరాయనుకున్నాక రాత్రివేళ దాన్ని లేపి దీన్ని పడుకోబెట్టేవాళ్లు. బెడిసికొడితే మళ్లీ పాతదే. ఫ్రీబీఎస్‌డీలో ఇప్పుడు 'బీఈసీటీఎల్' అదే పని చేస్తోంది. అంతదాకా ఎందుకు, 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పటి నుంచి చాలా ఫోన్లలో సిస్టమ్‌కి ఏ, బీ అని రెండు గదులున్నాయి. మీరు వాట్సాప్ చూసుకుంటుంటే కొత్త అప్‌డేట్ వెనకగదిలో నిద్రపోతున్నదాని మీద రాయబడుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు గదులు మారతాయి.

విండోస్ సొంత ఇమేజ్, అంటే విహెచ్‌డి ఫైల్ ఉన్నవాళ్ల సంగతి చివర్లో చెబుతానన్నాను. వాళ్లకి లైనక్స్ కూడా అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'డిస్క్‌పార్ట్' అని కొట్టి, లోపల 'సెలెక్ట్ వీడిస్క్ ఫైల్=' అని చెప్పి ఫైల్ దారిని కోట్స్‌లో ఇవ్వండి, ఆ తర్వాత 'అటాచ్ వీడిస్క్ రీడ్ఓన్లీ'. మై కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్‌లాగ వచ్చి కూర్చుంటుంది. పని అయ్యాక మళ్లీ సెలెక్ట్ చేసి 'డిటాచ్ వీడిస్క్'. ఇదే డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్' అనే కమాండ్ కూడా ఉంది. పేరు చూసి శుభ్రం చేస్తుందనుకునేరు, ఎంచుకున్న డిస్క్ పార్టిషన్లన్నీ ఒక్క వేటుకి ఎగరగొడుతుంది, అవునా కాదా అని కూడా అడగదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది కాబట్టి, ఆ పాత లాప్‌టాప్‌లకి ఇమేజ్ తీసి అటకెక్కించిన ఇళ్లు బోలెడుంటాయి. వాటిని ఎలా తెరవాలో ఓ కాగితం మీద రాసి ఆ డిస్క్‌కే రబ్బరు బ్యాండ్ వేసి పెట్టండి.

ఉత్తరంలో అడగని విషయం ఒకటి నా అంతట నేనే చెబుతున్నాను. డీటీపీ సెంటర్ డిస్క్ అంటే ఆ యజమాని ఒక్కడిదే కాదు. ఊరివాళ్ల ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు, ఎవరివో భూమి కాగితాలు, ఎవరిదో పోలీసు కంప్లైంట్ ముసాయిదా, అన్నీ అందులో ఉంటాయి. నమ్మకంతో ఇచ్చి వెళ్లినవి. డిజైన్లు అడిగినవాళ్లకి వాళ్ల డిజైన్ ఇవ్వండి, ఇమేజ్ ఉన్న డిస్క్‌ని మాత్రం 'నువ్వే చూసుకో అన్నా' అని ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఆ రీస్టోర్ పిలగాడికి కూడా.

పని అయ్యాక దిగే పద్ధతి, ఎక్కినదానికి తిరగేసి:

సుడో యూమౌంట్ /ఎంఎన్‌టి/పాత

సుడో లోసెటప్ డాష్-డి /డెవ్/లూప్20

యూమౌంట్‌లో 'అన్' లేదు, యు తర్వాత నేరుగా ఎం. 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటే ఆ ఫోల్డర్‌ని ఏదో కిటికీలో తెరిచి ఉంచారన్నమాట, లేదా టెర్మినల్ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉంది. కూర్చున్న కొమ్మ నరకడం కుదరదు కదా. 'సీడీ' అని కొట్టి బయటికొచ్చి మళ్లీ ప్రయత్నించండి. పాతసీ కూడా ఎక్కించి ఉంటే దాన్నీ దింపాకే రెండో కమాండ్. ఆ తర్వాత డిస్క్ ఉన్న ఫోల్డర్‌కి వెళ్లి మొదట తీసిన వేలిముద్ర కమాండ్ మళ్లీ ఒకసారి కొట్టి, ఫొటోలోని 64 అక్షరాలతో పోల్చుకుని, అప్పుడు వైరు పీకండి.

అను ఫాంట్లలో ఉన్న ఆ పెళ్లి పత్రికల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చడం గురించి ఇప్పటికే నలుగురైదుగురు అడిగారు. వత్తుల దగ్గర, 'క్ష' దగ్గర అది పెట్టే తిప్పలు కాస్త ఎక్కువే. అది వచ్చే వారం.